బయటి తినుబండారాలు అనుమతించబడవు

మూసాపేట నీళ్ల ఆఫీసులో
మూడో కంప్యూటర్ ముందు తబస్సుమ్.
స్క్రీను మీద ఎర్ర అక్షరాలు
మిరపకాయలు ఎండబోసినట్టు.

"నేనేం ముట్టుకోలే సార్,
దానంతటదే కోపానికొచ్చింది."

శనివారాలు వచ్చి నేర్పుతానని ఒప్పుకున్నోణ్ణి,
పాఠం అక్కడే మొదలుపెట్టిన.
తిట్టును కింద నుంచి చదవాలె.
పైనున్నదంతా ఎవరు ఎవరిని పిలిచిండ్రో, ఆ చుట్టరికాల గొడవ.
అసలు మాట ఆఖరి వరుసలో ఉంటది.
వేలు పెట్టి కూడబలుక్కుంది:
అడిగిన లైబ్రరీ ఇక్కడ లేదు.

లేదు. రాదు కూడా.
ఈ డబ్బాలోకి కొత్తదేదీ ఎక్కించొద్దని
పైనుంచి సర్క్యులర్.
పాస్‌వర్డ్ తెలిసినాయన
బదిలీ మీద పోయి ఏడాదైంది.
సినిమా హాలు గేటు కాడి బోర్డు యాదికొచ్చింది నాకు.
సంచిలో మురుకులు పట్టుబడ్డ పిల్ల మొహం
తబస్సుమ్‌ది.

మొన్న రాత్రి తమ్ముడి ఫోన్‌లో చూసిందట,
ఎవరో మూడే మూడు వరుసల్లో
లక్ష పేర్లు వడబోసిండట.
"అవే రాసిన సార్, చుక్క కూడా తప్పలే."
నిజమే, తప్పలే.
ఆ మూడు వరుసల వెనక
మూడువందల మంది వంటవాళ్లున్నరని
ఎవరు చెప్పిండ్రు ఆమెకు?

కావలసింది పెద్ద వంటేం కాదు.
మే నెల. ట్యాంకరు కోసం అర్జీలు
రెండువేల నాలుగువందల చిల్లర.
ఏ గల్లీ ఎన్నిసార్లడిగింది,
ఎవరికి ఇంకా అందలే,
అంతే.

అరువు సొమ్ము బరువు చేటు అనేది మా మేనత్త.
ఆ సామెత చెబుదామని నోరు తెరిచి
మూసుకున్న.
వారమంతా హైటెక్ సిటీలో నేను తినేది అరువు కూడే,
ఎవరో కట్టిన మెట్లెక్కి
జీతం తెచ్చుకునేటోణ్ణి.

సామెత మానేసి కాగితం తీసిన.
"కంప్యూటర్ లేకుంటే ఎట్ల లెక్కపెడ్తవ్?"
కాసేపు గోరు కొరికి
ఖాళీ టీ గ్లాసుల ట్రే దగ్గరికి లాక్కుంది.
"గల్లీకో గ్లాసు. చీటీ తీసి పేరు చదువుత.
ఆ పేరు మీద గ్లాసుంటే అండ్ల వేస్త.
లేకుంటే కొత్తది పెడ్త."
"ఇగ గిదే రాయి."

రాసింది. తప్పింది. రాసింది.
లోపలికి జరగాల్సిన వరుస జరగకపోతే
మొత్తం అలిగి కూసుంది.
జనతానగర్ ఒకచోట, జనతా నగర్ ఇంకోచోట,
ఒకే గల్లీకి రెండు గ్లాసులు.
"రెండూ ఒకటేనని దానికెట్ల తెలుస్తది సార్?"
తెల్వదు. నువ్వే చెప్పాలె.
నడుమ ఖాళీలు తీసెయ్యమని
ఇంకో వరుస.

ఒకసారి నా చెయ్యి మౌస్ వైపు పోయింది.
నేనైతే రెండు నిమిషాల పని.
తొడ కింద పెట్టుకొని కూసున్న దాన్ని
తిమ్మిరెక్కేదాకా.

ఆరున్నరకు మెట్రో పోతుంటే కిటికీ అద్దం వణికింది.
నలభై ఒక్క వరుసలు.
ఆ మూడింటి సొగసు లేదు వీటికి,
మొదటిసారి కుట్టిన జాకెట్టు లెక్క
భుజాల కాడ పట్టేసినయ్.
ఎంటర్ నొక్కి కళ్లు మూసుకుంది.

ఎరుపు రాలే.
పేర్లు దిగినయ్, పక్కన అంకెలు దిగినయ్.
అట్టడుగున, గూడ్స్‌షెడ్ వెనక లైను:
అర్జీలు ఇరవై మూడు,
ట్యాంకర్లు సున్నా.

చప్పట్లు కొడదామనుకున్న.
ఆమె ఆ వరుస మీది నుంచి వేలు తియ్యలే.
"ఈ ఇరవై మూడూ నేనే టైపు చేసిన సార్.
ఒక్కటి గూడ యాదికి లేదు."

గ్లాసుల కోసం వచ్చిన చాయ్ పిల్లగాడు
అండ్లున్న చీటీలు చూసి
పారెయ్యాల్నా అని అడిగిండు.

ఉండనీ, అన్నది.